ఎల్ నినో వచ్చిన ఏడాది సముద్రంలో బ్లూమ్ ముందే వస్తుందా, ఆలస్యమవుతుందా?

ఎల్ నినో (భూమధ్యరేఖ పసిఫిక్ కొన్నేళ్లకోసారి వేడెక్కడం), ఉత్తర అట్లాంటిక్ డోలనం, పసిఫిక్ దశాబ్ద డోలనం లాంటి వాతావరణ చక్రాల వల్ల ఫైటోప్లాంక్టన్, అంటే సముద్రంలో తేలియాడే సూక్ష్మ మొక్కలు, ఎదిగే కాలం మారుతుందా, మారితే ఎటువైపు అని అడిగారు. అవి కొద్ది కాలంలోనే విపరీతంగా పెరిగిపోవడాన్నే బ్లూమ్ అంటాం. నీళ్లు వేడెక్కితే ఎదుగుదల కూడా తొందరగా మొదలవ్వాలి కదా అన్నది మీ ఊహ. చిక్కంతా ఆ ఊహలోనే ఉంది. ఒకే చక్రం, ఒకే ఏడాదిలో, ఒకే మహాసముద్రంలో ఒక మూల బ్లూమ్‌ను తొందరపెట్టి, ఇంకో మూల వారాల తరబడి ఆలస్యం చేయగలదు. వేడెక్కిన ఏడాదిలోనే బ్లూమ్ ఆలస్యంగా వచ్చిన చోట్లు ఉన్నాయి. వాటి సంగతి కింద చెబుతాను, ఎందుకంటే అసలు విషయం అర్థమయ్యేది అక్కడే.

నేల మీద మొగ్గ తొడగడానికి ఉష్ణోగ్రతే పెద్ద సంకేతం. సముద్రంలో ఫైటోప్లాంక్టన్ కణాలు ఎంత వేగంగా విభజన చెందుతాయన్నది ఉష్ణోగ్రత మీద కొంత ఆధారపడుతుంది, నిజమే. కానీ ఎప్పుడు మొదలవుతుందన్నది ప్రధానంగా నీళ్లు ఎంత లోతు వరకు కలుస్తున్నాయన్న దాన్ని బట్టి తేలుతుంది. ఫైటోప్లాంక్టన్‌కు వెలుతురు పై నుంచి రావాలి, నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్, ఇనుము లాంటి పోషకాలు ఎక్కువగా కింది నుంచి రావాలి. గాలి, చలి కలిసి నీళ్లను లోతుగా కలిపితే పోషకాలు పైకొస్తాయి, కానీ కణాలు చీకట్లోకి జారిపోతుంటాయి. నీళ్లు పొరలుగా స్థిరపడితే కణాలు వెలుతురులో నిలుస్తాయి, కానీ కింది నుంచి పోషకాల సరఫరా ఆగిపోతుంది. వాతావరణ చక్రం చేసేదల్లా ఈ కలయిక ఎంత లోతుగా ఉండాలి, ఏ నెలలో ఆగాలి అన్నవాటిని మార్చడమే.

ఈ ఆలోచనకు మొదట లెక్క కట్టి చూపినవాడు నార్వే సముద్ర శాస్త్రవేత్త హరాల్డ్ స్వెర్డ్రప్, 1953లో. నార్వేజియన్ సముద్రంలో నిలిపిన ఒక వాతావరణ నౌక సేకరించిన కొలతలతో ఆయన చెప్పింది ఇది: కలిసే పొర ఒక కీలక లోతు కంటే లోతుగా ఉన్నంతకాలం, కణాలకు రోజు మొత్తం మీద దొరికే సగటు వెలుతురు వాటి ఖర్చుకు, అంటే శ్వాసక్రియ లాంటి నష్టాలకు, చాలదు. వసంతంలో పొర ఆ లోతు కంటే పైకి రాగానే బ్లూమ్ మొదలవుతుంది. పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఇదే ఉంటుంది. తప్పు అనను, కానీ దీంతోనే ఆగిపోకూడదు. 2010లో మైఖేల్ బెహ్రెన్‌ఫెల్డ్ ఉపగ్రహ డేటా తిరగేసి, ఉత్తర అట్లాంటిక్‌లో కణాల మొత్తం పెరగడం నడి శీతాకాలంలోనే, పొర అత్యంత లోతుగా ఉన్నప్పుడే మొదలవుతోందని చూపించాడు. కారణం, లోతుగా కలిసినప్పుడు తినే జంతు ప్లవకాలు, తినబడే కణాలు రెండూ పలచబడి, ఒకదానికొకటి ఎదురుపడడం తగ్గుతుంది. బ్లూమ్ అంటే రాబడి ఎంతన్నది కాదు, ఖర్చులు పోను చేతిలో మిగిలింది ఎంతన్నది. రాబడి తక్కువున్న నెలల్లో కూడా ఖర్చు ఇంకా తక్కువైతే నిల్వ పెరుగుతుంది. 2011లో టేలర్, ఫెరారీ ఇంకో కోణం చేర్చారు: పొర ఇంకా లోతుగానే ఉన్నా, పైనుంచి చల్లబడడం ఆగి నీళ్ల తిరుగుడు సద్దుమణిగితే చాలు, పైభాగంలో ఎదుగుదల ఊపందుకుంటుంది. ఈ మూడింటిలో ఏది సరైనదని వాదులాడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నా దృష్టిలో ఇవి వేర్వేరు ఘట్టాలను వివరిస్తున్నాయి. పెరుగుదల మొదలవడం ఒకటి, కంటికి కనిపించే స్థాయికి ఎగబాకడం వేరొకటి. వాతావరణ చక్రాలు ఈ రెండింటినీ ఒకేలా కదపవు.

ఇక ఉత్తర అట్లాంటిక్. ఐస్‌లాండ్ దగ్గరి అల్పపీడనానికీ అజోర్స్ దగ్గరి అధికపీడనానికీ మధ్య తేడా పెరిగితే ఉత్తర అట్లాంటిక్ డోలనం ధనాత్మక దశలో ఉందంటాం. అప్పుడు పశ్చిమ పవనాలు బలంగా వీస్తాయి, లాబ్రడార్ సముద్రం వైపు చలి గాలులు ఎక్కువవుతాయి, అక్కడ నీళ్లు చాలా లోతుగా కలుస్తాయి. ఉపధ్రువ ప్రాంతంలో కొరత వెలుతురుది. కాబట్టి అక్కడ బలమైన గాలుల శీతాకాలం తర్వాత వసంత బ్లూమ్ ఆలస్యమవుతుంది. దక్షిణాన ఉప ఉష్ణమండలంలో కొరత పోషకాలది, వెలుతురు కావలసినంత. అక్కడ శీతాకాలంలో గాలి ఎంత గట్టిగా వీస్తే పోషకాలు అంత ఎక్కువగా పైకొచ్చి, బ్లూమ్ అంత బాగా వస్తుంది. రెండు చోట్లా గాలి పని ఒకటే, ఫలితం మాత్రం తలకిందులు. మధ్యలో ఒక సంధి ప్రాంతం ఉంటుంది. అది ఏడాదికేడాది ఉత్తరానికో దక్షిణానికో జరుగుతుంది. మ్యాపు మీద ఆ సంధిలో ఒక పెట్టె గీసుకుని సగటు తీస్తే ఏ సంబంధమూ కనబడదు. ‘చక్రం ప్రభావం లేదు’ అని రాసేసిన విశ్లేషణలు కొన్ని చూశాను, వాటిలో పెట్టె గీసిన చోటే దోషం.

2010లో ఉత్తర అట్లాంటిక్ ఉపధ్రువ జలాల్లో అసాధారణమైన బ్లూమ్ కనిపించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బద్దలైంది కాబట్టి బూడిదలోని ఇనుమే కారణమని చాలామంది అనుకున్నారు. కానీ అంతకుముందు శీతాకాలం, అంటే 2009-10లో, ఉత్తర అట్లాంటిక్ డోలనం రికార్డు స్థాయి రుణాత్మక దశలో ఉంది. తర్వాత వచ్చిన విశ్లేషణ బూడిద కంటే ఈ డోలనం వైపే ఎక్కువ మొగ్గింది. టీవీలో కనబడే కారణం కంటే ముందు శీతాకాలపు గాలి లెక్క చూడడం మంచి అలవాటు.

ఎల్ నినో విషయంలో ప్రశ్ననే కొంచెం మార్చాలి. భూమధ్యరేఖ పసిఫిక్‌లో వసంతం అంటూ ఒకటి ఉండదు, ఏడాది పొడవునా అంతో ఇంతో ఎదుగుదల ఉంటుంది. అక్కడ చక్రం తేదీని జరపదు, సరఫరానే తెంచేస్తుంది. మామూలు రోజుల్లో తూర్పు నుంచి నిలకడగా వీచే వ్యాపార పవనాలు వెచ్చటి నీటిని పడమరకు నెడతాయి, తూర్పున థర్మోక్లైన్ (పై వెచ్చటి నీటినీ కింది చల్లటి నీటినీ వేరు చేసే పొర) పైకి తేలి ఉంటుంది, కింది నుంచి పైకి ఉబికే నీళ్లు చల్లగా, పోషకాలతో ఉంటాయి. పడమటి నుంచి గాలి విసుర్లు వస్తే కెల్విన్ తరంగాలు (భూమధ్యరేఖ వెంబడి తూర్పుకు సాగే భారీ అలలు) పుట్టి, రెండు మూడు నెలల్లో మహాసముద్రం దాటి, తూర్పున థర్మోక్లైన్‌ను కిందికి నొక్కేస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది: పెరూ తీరంలో ఎల్ నినో సమయంలో గాలి ఆగిపోనక్కర్లేదు, నీళ్లు పైకి ఉబకడమూ ఆగనక్కర్లేదు. ఉబికి వచ్చేది వెచ్చటి, పోషకాలు లేని నీరు, అంతే. గాలి డేటా ఒక్కటే చూస్తే ‘అంతా బాగానే ఉంది’ అనిపిస్తుంది.

1997-98 ఇందుకు మంచి ఉదాహరణ. సముద్రపు రంగును కొలిచే సీవిఫ్స్ ఉపగ్రహ పరికరం 1997 ఆగస్టులో కక్ష్యలోకి వెళ్లింది. అది కళ్లు తెరిచేసరికి శతాబ్దంలోనే అతి బలమైన ఎల్ నినోల్లో ఒకటి నడుస్తోంది. భూమధ్యరేఖ పసిఫిక్‌లో క్లోరోఫిల్, అంటే ఫైటోప్లాంక్టన్‌లోని ఆకుపచ్చ రంగు పదార్థం, అంతకుముందెన్నడూ నమోదు కానంత కనిష్ఠానికి పడిపోయింది. 1998 మే నెలలో వ్యాపార పవనాలు తిరిగి వీయగానే, 125 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర ఉపరితల ఉష్ణోగ్రత నెల రోజుల్లో దాదాపు 8 డిగ్రీల సెల్సియస్ పడిపోయింది. అప్పటికే థర్మోక్లైన్ పైకొచ్చి కూర్చుంది, గాలి కోసమే ఆగింది. ఆ వేసవిలో భూమధ్యరేఖ వెంబడి వచ్చిన బ్లూమ్ అంతకుముందు అక్కడ చూడనిది. పోషకాలు, గాలి రెండూ ఒకేసారి సిద్ధంగా ఉండనక్కర్లేదు, ఒకటి ముందొచ్చి రెండోదాని కోసం ఎదురుచూడొచ్చు. ఆలస్యం అన్నది ఆ రెండింటి మధ్య ఎడమే.

దూర ప్రాంతాల్లో ఎల్ నినో తేదీలను కూడా కదుపుతుంది. ఎల్ నినో సాధారణంగా నవంబర్, జనవరి మధ్య పతాకస్థాయికి చేరుతుంది. కాబట్టి ఉత్తరార్ధగోళంలో దెబ్బ పడేది తర్వాతి వసంతం మీద. కాలిఫోర్నియా, ఆరిగన్ తీరాల్లో వసంతంలో గాలి దిశ మారి ఉత్తరం నుంచి వీయడం మొదలైతే నీళ్లు పైకి ఉబుకుతాయి, అక్కడ ఎదుగుదలకు అదే గంట కొట్టినట్టు. ఆ గాలి ఆలస్యమైతే ఏమవుతుందో 2005లో తెలిసింది. ఆ ఏడాది పెద్ద ఎల్ నినో ఏమీ లేదు. పై వాతావరణంలో జెట్ ప్రవాహం దారి మారి, ఆ తీరం ఉత్తర భాగంలో నిలకడైన గాలి జూలై నడిమికి గాని రాలేదు. తర్వాత గాలి మామూలు కంటే గట్టిగానే వీచింది, నీళ్లు ఉబికాయి, క్లోరోఫిల్ పెరిగింది. కానీ అప్పటికే కాలిఫోర్నియా తీరంలోని ఫారలాన్ దీవుల్లో క్యాసిన్స్ ఆక్లెట్ అనే చిన్న సముద్ర పక్షులు గూళ్లు వదిలేసి వెళ్లిపోయాయి. ఏడాది మొత్తం సగటు మాత్రమే తీసి చూసేవాళ్లకు ఈ కథ కనబడదు.

పసిఫిక్ దశాబ్ద డోలనం గురించి కూడా అడిగారు. ఉత్తర పసిఫిక్ ఉపరితల ఉష్ణోగ్రతల్లో కనిపించే ఆ చక్రం 20, 30 ఏళ్ల పాటు ఒకే దశలో ఉండిపోతుంది, 1976-77లో వచ్చిన మార్పు అందరికీ తెలిసిందే. కాలిఫోర్నియా తీరంలో పోషకాలు, క్లోరోఫిల్ హెచ్చుతగ్గులను దానికంటే 2008లో ప్రతిపాదించిన ఉత్తర పసిఫిక్ గైర్ డోలనం (గైర్ అంటే మహాసముద్రంలో గుండ్రంగా తిరిగే పెద్ద ప్రవాహం) బాగా వివరిస్తుంది. మీరు ఒకే సూచిక (చక్రం ఏ దశలో ఉందో చెప్పే సంఖ్య) పట్టుకుని ఉంటే రెండూ పెట్టి చూడండి.

హిందూ మహాసముద్రంలో గడియారం రుతుపవనాలది. అరేబియా సముద్రంలో బ్లూమ్ రెండుసార్లు వస్తుంది. జూన్, సెప్టెంబర్ మధ్య నైరుతి గాలులకు సొమాలియా, ఒమన్ తీరాల్లో నీళ్లు ఉబికినప్పుడు ఒకసారి, శీతాకాలంలో ఉత్తర భాగంలో పై నీళ్లు చల్లబడి, బరువెక్కి, కిందికి దిగి కలిసినప్పుడు ఇంకోసారి. బంగాళాఖాతంలో నదుల నీరు, వాన నీరు పైన తేలికైన పొరగా పరుచుకుని ఉంటాయి, మామూలు గాలి దాన్ని ఛేదించలేదు. అందుకే గాలి అంతే ఉన్నా ఎదుగుదల తక్కువ. హిందూ మహాసముద్ర ద్విధ్రువం ధనాత్మకమైనప్పుడు, అంటే ఆ మహాసముద్రం పడమర వెచ్చబడి తూర్పు చల్లబడినప్పుడు, సుమత్రా, జావా తీరాల్లో నీళ్లు ఉబికే కాలం బలపడి, ఆలస్యంగా ముగుస్తుంది. 1997లో అదే జరిగింది, మామూలుగా ఖాళీగా కనిపించే తూర్పు భూమధ్యరేఖ జలాల్లో క్లోరోఫిల్ మెరిసింది. అదే సమయంలో పసిఫిక్ తూర్పున ఎడారి. రెండు మహాసముద్రాలనూ కలిపి ఒక సంఖ్యగా మార్చేస్తే ఇదంతా చెరిగిపోతుంది.

ఇప్పుడు వేడెక్కితే ఆలస్యమయ్యే సంగతి. అలాస్కాకూ రష్యాకూ మధ్య ఉన్న బేరింగ్ సముద్రంలో ఆగ్నేయాన, తీరాన్ని ఆనుకుని లోతు 200 మీటర్లకు మించని చోట, అంతా మంచు ఎప్పుడు తప్పుకుంటుందన్న దాని మీద నడుస్తుంది. చలి ఏడాదిలో మంచు ఏప్రిల్ దాకా ఉంటుంది. అప్పటికి ఎండ సరిపడా ఉంది. కరిగిన మంచినీరు పైన తేలి నీళ్లను స్థిరపరుస్తుంది, మంచు అంచునే, చల్లటి నీళ్లలోనే, బ్లూమ్ వచ్చేస్తుంది. వెచ్చటి ఏడాదిలో మంచు మార్చి నడిమి లోపే వెళ్లిపోతుంది. ఎండ ఇంకా బలహీనం, శీతాకాలపు తుఫాన్లు ఇంకా నీళ్లను కలుపుతూనే ఉంటాయి, తేలడానికి కరిగిన నీరు లేదు. ఎండ వేడికి పొర స్థిరపడే వరకు, అంటే మే, జూన్ దాకా, బ్లూమ్ ఆగాల్సిందే. మంచు ముందే పోయింది కాబట్టి బ్లూమ్ ఆలస్యమైంది.

ఈ సిద్ధాంతాన్ని 2002లో మొదట చెప్పినప్పుడు, వెచ్చటి ఏడాదిలో ఆలస్యంగా వచ్చే బ్లూమ్ వెచ్చటి నీళ్లలో వస్తుంది కాబట్టి జంతు ప్లవకాలు బాగా తిని పెరుగుతాయని, పొలాక్ చేపకు అది మేలు చేస్తుందని అనుకున్నారు. 2001 నుంచి 2005 వరకు వరుసగా వెచ్చటి ఏళ్లు వచ్చాయి. చిన్న కోపిపాడ్లు (జంతు ప్లవకాల్లో ఒక రకం) పెరిగాయి గాని, కొవ్వు దండిగా ఉండే పెద్ద కోపిపాడ్లు, రొయ్యల్లాంటి క్రిల్ తగ్గిపోయాయి. వేసవిలో పొలాక్ పిల్లలు బాగానే కనిపించాయి, కానీ ఒంట్లో కొవ్వు లేక శీతాకాలం దాటలేకపోయాయి. 2011లో సిద్ధాంతాన్ని సవరించారు. తేదీతో పాటు ఆ తేదీకి అక్కడున్నది ఏ రకం తిండి అన్నది కూడా చూడాలని అప్పుడు స్పష్టమైంది.

జర్మనీకి చెందిన హెల్గోలాండ్ దీవి దగ్గర 1962 నుంచి పనిరోజుల్లో నీళ్ల నమూనా తీస్తున్నారు. అలాంటి వరుస ప్రపంచంలో చాలా అరుదు. అక్కడ కూడా శరదృతువు చివర నీళ్లు వెచ్చగా ఉన్న ఏళ్లలో తర్వాతి వసంతపు డయాటమ్ (సిలికా పెంకు ఉండే ఒక రకం ఫైటోప్లాంక్టన్) బ్లూమ్ ఆలస్యమైంది. వెచ్చదనం వల్ల తినే జీవులు శీతాకాలంలోనూ చురుగ్గా ఉండి, మొలకెత్తినవి మొలకెత్తినట్టే మేసేస్తున్నాయన్నది ఇచ్చిన వివరణ. ఆర్కిటిక్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ మంచు ముందే తప్పుకుంటే వెలుతురు దారి దొరుకుతుంది. 1997, 2009 మధ్య హడ్సన్ బే, కారా సముద్రం లాంటి కొన్ని చోట్ల బ్లూమ్ గరిష్ఠం దాదాపు 50 రోజుల వరకు ముందుకొచ్చిందని ఉపగ్రహ డేటా చూపింది. అయితే డేటా ఉన్న విస్తీర్ణంలో అలాంటి మార్పు కనిపించింది సుమారు 11 శాతంలోనే.

తేదీ జరిగితే ఎవరికి నష్టం అంటే, కదలని తేదీ ఉన్నవాళ్లకు. చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం ఏడాదికేడాది పెద్దగా మారదు, బ్లూమ్ మాత్రం వారాల తేడాతో వస్తుంది. రెండూ కలిస్తే పిల్లలు బతుకుతాయి, తప్పితే లేదు అన్నది డేవిడ్ కుషింగ్ వాదన. నోవా స్కోషియా తీరంలో హాడక్ చేపల మీద 2003లో వచ్చిన అధ్యయనం దీనికి గట్టి ఆధారం: పిల్లలు అసాధారణంగా బతికిన 1981, 1999 రెండూ బ్లూమ్ ముందే వచ్చిన ఏళ్లే. ఉత్తర సముద్రంలో సరుకు ఓడల వెనక లాగే, నీళ్లలో తేలే జీవులను పట్టే ప్లాంక్టన్ రికార్డర్ అనే పరికరం డేటా, 1958 నుంచి 2002 వరకు, ఇంకో చిక్కు బయటపెట్టింది. అడుగున బతికే జీవుల లార్వాలు 27 రోజులు ముందుకొచ్చాయి, వసంత డయాటమ్‌లు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. డయాటమ్‌లలో చాలావాటికి పగటి నిడివి సంకేతం, లార్వాలకు ఉష్ణోగ్రత. ఒకే గొలుసులోని రెండు లింకులు వేర్వేరు గడియారాలు చూసుకుంటున్నాయి.

మీరు ఉపగ్రహ డేటాతో పని మొదలుపెట్టబోతున్నారు కాబట్టి కొన్ని గుంతలు ముందే చూపిస్తాను. బ్లూమ్ మొదలు అంటే ఏమిటో ఒక్క నిర్వచనం లేదు. ఏడాది మధ్యగతం కంటే 5 శాతం పైకి వెళ్లిన రోజని కొందరు, పెరుగుదల వేగం గరిష్ఠమైన రోజని కొందరు, మొత్తంలో ఇంత శాతం పోగుపడిన రోజని ఇంకొందరు లెక్కిస్తారు. ఒకే డేటా మీద ఇవి వారాల తేడా ఇస్తాయి. కనీసం రెండు పద్ధతుల్లో చేసి, సంబంధం రెండింటిలోనూ నిలబడితేనే నమ్మండి. మేఘాల వల్ల మామూలుగా 8 రోజుల సగటులు వాడతాం. వాటి మీద ‘3 రోజులు ముందుకొచ్చింది’ అని ఎవరైనా అంటే నేను పక్కన పెట్టేస్తాను. అధిక అక్షాంశాల్లో శీతాకాలం డేటానే ఉండదు, అసలు మొదలు ఆ ఖాళీలోనే జరిగి ఉండొచ్చు. అక్కడ బయో ఆర్గో ఫ్లోట్ల (నీళ్లలో పైకీ కిందికీ తిరుగుతూ కొలిచే తేలియాడే పరికరాల) కొలతలు తెచ్చుకోవాలి. క్లోరోఫిల్ అంటే జీవరాశి కాదన్నది ఇంకొకటి. వెలుతురు తగ్గితే కణం తనలో క్లోరోఫిల్ పెంచుకుంటుంది, పెరిగితే తగ్గించుకుంటుంది. ఎల్ నినోలో పొర పలచబడి కణాలకు వెలుతురు ఎక్కువైతే, కణాల సంఖ్య తగ్గకపోయినా క్లోరోఫిల్ పడిపోయినట్టు కనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్దది రికార్డు నిడివి. నిరంతర సముద్రపు రంగు డేటా 1997 సెప్టెంబర్‌లో, మహా ఎల్ నినో నడుమ మొదలైంది. అక్కడి నుంచి సరళరేఖ గీస్తే మొదటి రెండేళ్లే వాలును లాగేస్తాయి. భూతాపం వల్ల వచ్చే మార్పును సహజ డోలనాల నుంచి విడదీయాలంటే చాలా ప్రాంతాల్లో సుమారు 40 ఏళ్ల డేటా కావాలని 2010లో లెక్క తేల్చారు. 1978 నుంచి 1986 వరకు పనిచేసిన మొదటి పరికరం డేటాను అతికించవచ్చు గాని, మధ్యలో పదకొండేళ్ల ఖాళీ ఉంది, క్రమాంకనం (పరికరం కొలతలను సరిచూసే పద్ధతి) కూడా వేరు. 2024 ఫిబ్రవరిలో వెళ్లిన పేస్ ఉపగ్రహం డయాటమ్‌లను మిగతావాటి నుంచి విడదీసి చూడగలదు, అది మంచి వార్త, కానీ చక్రాల లెక్కకు దాని వయసు ఇంకా చాలదు.

పని వరుస నేనైతే ఇలా పెట్టుకుంటాను. ముందు మీ ప్రాంతంలో కొరత వెలుతురుదా, పోషకాలదా, లేక మంచు నిర్ణయిస్తోందా తేల్చుకోండి. తర్వాత సూచిక. ఉత్తర అట్లాంటిక్‌కు డిసెంబర్ నుంచి మార్చి దాకా ఉన్న శీతాకాలపు విలువే వాడండి, ఏడాది సగటు వాడితే వేసవి గోల వచ్చి చేరుతుంది. సూచికకూ బ్లూమ్ తేదీకీ మధ్య నేరుగా సంబంధం వెతక్కండి. మధ్యలో మిశ్రమ పొర, అంటే పైన చెప్పిన కలిసే పొర, లోతు గాని, ఉపరితలం నుంచి వేడి పోవడం ఆగిన తేదీ గాని పెట్టి, రెండు మెట్లుగా చూడండి. మొదటి మెట్టు లేకుండా రెండోది కనిపిస్తే అది కాకతాళీయం కావచ్చు, చేతిలో ఉన్నది ముప్ఫై లోపు వసంతాలే కాబట్టి అలాంటివి తేలిగ్గా కనిపిస్తాయి. మీ ప్రాంతం భూమధ్యరేఖకు దగ్గరైతే, లేదా అరేబియా సముద్రంలా ఏడాదికి రెండు శిఖరాలుంటే, ఏడాదికి ఒకే ‘మొదలు తేదీ’ తీసే ప్రోగ్రాం నడపకండి. అది కొన్నేళ్లు మొదటి శిఖరాన్ని, కొన్నేళ్లు రెండోదాన్ని పట్టుకుని, ఆరు నెలల మార్పు జరిగిందని చూపిస్తుంది.